కొంగు తగిలినా భగ్గుమనే నొప్పి... మత్తుమందు సెలైన్‌తో తగ్గుతుందా?

"చీర కొంగు తగిలితే చాలు, నడుమంతా కారం పూసినట్టు మండుతుందే!"

జనగామలో ఉండే మా మేనత్త ఈ మాట అంటే మొదట్లో ఇంట్లో ఎవరూ నమ్మలేదు. పైకి చూస్తే చర్మం మామూలుగానే ఉంది. వాపు లేదు, పుండు లేదు. "పని తప్పించుకునే ఎత్తులే" అని కోడలు చాటుగా అననే అంది. అంతకు నాలుగు నెలల ముందు అత్తకు నడుము పక్కన సర్పి లేచింది. అక్కి అంటారే, అదే. ఎర్రమట్టితో అక్కి రాయించారు. పొక్కులు మాడిపోయాయి. నొప్పి మాత్రం అక్కడే కూర్చుంది.

మన చుట్టూ ఇలాంటి ఆడవాళ్లు ఎంతమందో! షుగరుతో అరికాళ్లు మండి రాత్రంతా తడిగుడ్డ చుట్టుకుని పడుకునేవారిని చూడటం లేదూ? అందుకే ఈ నొప్పి సంగతీ, దీనికి పెద్దాసుపత్రుల్లో ఇస్తున్న మత్తుమందు సెలైన్ సంగతీ తెలుసుకుందాం.

అసలు ఏమిటీ నొప్పి?

కూర తరుగుతుంటే వేలు తెగిందనుకోండి. నరాలు ఆ కబురును మెదడుకు చేరవేస్తాయి. గాయం మానితే కబురు ఆగాలి. కానీ నరమే దెబ్బతింటే, కాలింగ్ బెల్ స్విచ్ ఇరుక్కుపోయినట్టే! వాకిట్లో ఎవరూ లేకపోయినా మోగుతూనే ఉంటుంది. సర్పి, షుగరు, వెన్నులో నరం నొక్కుకుపోవడం, కొన్ని క్యాన్సర్ మందులు ఇందుకు కారణాలు. మంట, కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, సూదులు గుచ్చినట్టుండటం, మెత్తని బట్ట కూడా ఓర్వలేకపోవడం దీని గుర్తులు.

మామూలు నొప్పి బిళ్లలు దీనికి పెద్దగా పనిచేయవు. షాపులో అడిగి రోజూ మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు చేటు మిగులుతాయి.

ముందు మాత్రలే

డాక్టర్లు మొదట గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, డ్యులాక్సెటిన్, అమిట్రిప్టిలిన్ వంటి మాత్రల్లో ఒకటి రాస్తారు. వీటిలో కొన్ని దిగులు జబ్బుకూ వాడతారు. "నాకేమైనా పిచ్చా?" అని కంగారుపడకండి. ఇవి నరాల అలజడిని తగ్గిస్తాయి. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. మొదట్లో నిద్రమత్తు, తూలు ఉంటాయి. సొంతంగా ఒక్కసారే మానేయకూడదు.

మహబూబాబాద్ వైపు విరివిగా పండే మిరపలో కూడా మందుంది! దాని ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్‌తో చేసిన పూతమందు చర్మంలోని నరాలను మొద్దుబరుస్తుంది. అలాగని ఇంట్లో కారం రాసుకునేరు, చర్మం బొబ్బలెక్కుతుంది!

మత్తుమందు సెలైన్ అంటే...

మాత్రలతో లొంగని కొందరికి లిగ్నోకెయిన్‌ను రక్తనాళంలోకి నెమ్మదిగా ఎక్కిస్తారు. పన్ను పీకేటప్పుడు చిగురుకు ఇచ్చే మందే ఇది. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త తయారుచేశారు. మన నరాల్లోకి సోడియం దూరే సన్నని ద్వారాలుంటాయి. దెబ్బతిన్న నరంలో ఇవి ఊరికే తెరుచుకుంటుంటాయి. ఈ మందు వాటిని మూస్తుంది. బరువును బట్టి మోతాదు లెక్కగట్టి, సాధారణంగా అరగంట నుంచి గంటసేపు ఎక్కిస్తారు. రోగి మెలకువగానే ఉంటుంది.

రెండోది కెటమిన్. దీన్ని 1962లో అమెరికాలో తయారుచేశారు. ఆపరేషన్లలో మత్తుకు వాడేదాన్నే తక్కువ మోతాదులో, ఎక్కువసేపు ఇస్తారు. కలలో తేలుతున్నట్టు ఉండటం, వాంతి, బీపీ పెరగడం దీనివల్ల కలగవచ్చు. పదేపదే వాడితే కాలేయానికి, మూత్రాశయానికి ఇబ్బంది.

ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి. ఇది శాశ్వత వైద్యం కాదు. కొందరికి కొన్ని గంటలు, కొందరికి కొన్ని వారాలు ఉపశమనం. కొందరికి ఏమీ తేడా ఉండదు. కొన్ని పరిశోధనల్లో నాలుగు వారాల తర్వాత మందు ఎక్కించినవారికీ ఉత్త సెలైన్ ఎక్కించినవారికీ తేడా తేలలేదు.

జాగ్రత్త, ఇది బలం సెలైన్ కాదు!

నీరసమొస్తే వీధి చివర ఆర్ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకునే అలవాటు మన ఊళ్లలో ఉంది. ఇది అలాంటిది కాదు. పెదవులు మొద్దుబారడం, చెవుల్లో గింగురుమనడం, నోట్లో ఇనుము రుచి తగిలితే వెంటనే నర్సుతో చెప్పాలి. మోతాదు మించితే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. అందుకే ఈసీజీ, బీపీ చూస్తూ, మత్తు డాక్టరు ఉన్నచోటే చేయించుకోవాలి.

గుండె జబ్బు, ఫిట్స్, కాలేయ జబ్బు, అదుపులో లేని బీపీ, మానసిక జబ్బు, గర్భం ఉంటే ముందే చెప్పండి. "ఎన్నిసార్లు పెట్టాలి? మొత్తం ఖర్చెంత? గుణం లేకపోతే ఎప్పుడు ఆపాలి?" అని అడగడానికి మొహమాటపడకండి. గాజులు అమ్మి పదిసార్లు పెట్టించుకునే ముందు, ఒకసారికి ఎంత గుణమిచ్చిందో చూసుకోవాలి.

ఎక్కడికి వెళ్లాలి?

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ముందు దగ్గరలోని ప్రభుత్వాసుపత్రిలో షుగరు, బి12 పరీక్షలు చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడేవారికి బి12 తగ్గి కూడా కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆపైన వరంగల్ ఎంజీఎంకో, హైదరాబాద్ నిమ్స్‌కో వెళ్లాలా అన్నది అక్కడి డాక్టరు చెబుతారు. రైలు లేని భూపాలపల్లి నుంచి పరకాల మీదుగా బస్సులో ఊగుతూ వెళ్లేవారు పాత చీటీలన్నీ వెంట పెట్టుకుంటే రెండోసారి తిరిగే పని తప్పుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, సర్పి లేచిన 3 రోజుల్లోపే డాక్టరుకు చూపించాలి. అప్పుడు మొదలుపెట్టిన మందు బాగా పనిచేస్తుంది. యాభై దాటినవారికి సర్పి టీకా కూడా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది. ఖరీదెక్కువే, రెండు డోసులు వేయించుకోవాలి.

మా మేనత్తకు మాత్రలతో సగం తగ్గింది. ఆ తర్వాత ఒకసారి సెలైన్ పెట్టించారు. ఆ రాత్రి చాలా నెలలకు వెల్లకిలా పడుకుంది. మూడు వారాలకు నొప్పి తిరిగొచ్చింది గానీ, మునుపటంత లేదు. ఇప్పుడు ఆమెకు పల్చటి నూలు జాకెట్లు కుట్టించి తెచ్చేది ఆ కోడలే!

మీ ఇంట్లో ఎవరైనా "మండుతోంది" అంటే చర్మం వంక కాదు, ఆమె ముఖం వంక చూడండి. నమ్మడంతోనే వైద్యం మొదలవుతుంది.