కౌబాయ్‌కి నిజంగా స్వేచ్ఛ ఉండేదా?

కౌబాయ్ అనగానే మనకి 1971లో వచ్చిన కృష్ణ గారి 'మోసగాళ్ళకు మోసగాడు' గుర్తొస్తుంది. టోపీ, గుర్రం, తుపాకీ, అడిగేవాడు లేని బతుకు. మరి అసలు కౌబాయ్ ఎలా బతికాడు? ఇవాళ అదే మాట్లాడుకుందాం.

1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిసేసరికి టెక్సాస్‌లో లక్షల కొద్దీ లాంగ్‌హార్న్ పశువులున్నాయి. అక్కడ ఒక్కోటి 4 డాలర్లు పలికితే, ఉత్తరాదిలో 40 దాకా పలికేది. కానీ అక్కడికి చేర్చడానికి రైలు లేదు. 1867లో జోసెఫ్ మెకాయ్ అనే వ్యాపారి కాన్సాస్‌లోని అబిలీన్‌లో రైలు మార్గం పక్కనే పశువుల దొడ్లు కట్టించాడు. ఇంకేముంది, చిజమ్ ట్రెయిల్ మీదుగా మందలు బయల్దేరాయి.

ఇప్పుడు లెక్క చూడండి. మందలో రెండు మూడు వేల పశువులు. తోలేది 10, 12 మంది. రోజుకి 10 నుంచి 15 మైళ్ళు, అంతే. తొందరపెడితే పశువు చిక్కిపోతుంది, చిక్కితే రేటు పడిపోతుంది. అందుకే నెలల తరబడి దారిలోనే. జీతం నెలకి 25 నుంచి 40 డాలర్లు. గుర్రాలు చాలావరకు యజమానివే, జీను మాత్రం తనది.

పగలంతా మంద చుట్టూ తలోచోట ఉంటారు, మాట్లాడుకునే వీలుండదు. వెనక ఉన్నవాడికి దుమ్మే తోడు. రాత్రి వంతులవారీగా కాపలా. ఇద్దరు ఎదురెదురు దిశల్లో మంద చుట్టూ తిరుగుతూ మెల్లగా పాడేవాళ్ళు. తెలిసిన గొంతు వినిపిస్తుంటే పశువులు బెదరవు. ఉరుము ఉరిమి మంద బెదిరిందా, చీకట్లో ప్రాణాలకే ముప్పు.

మరి స్వేచ్ఛ అబద్ధమా? కాదు. కౌబాయ్‌లలో నాలుగో వంతు దాకా నల్లజాతివాళ్ళని చరిత్రకారుల అంచనా. 1854లో బానిసగా పుట్టిన నాట్ లవ్ కౌబాయ్ అయ్యాడు, 1907లో ఆత్మకథ రాశాడు. అలాంటి మనిషికి గుర్రమెక్కి తన జీతం తను తెచ్చుకోవడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి.

1874లో గ్లిడెన్ ముళ్ళతీగకి పేటెంట్ వచ్చింది. మైదానాలకి కంచెలు పడ్డాయి, రైళ్ళు టెక్సాస్‌కే వచ్చాయి. 1886-87 చలికాలం లెక్కలేనన్ని పశువుల్ని చంపేసింది. సుమారు ఇరవై ఏళ్ళలో ఆ కాలం ముగిసింది.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలినప్పుడు "నీకేంట్రా, ఫ్రీ బర్డ్‌వి" అన్నారు ఫ్రెండ్స్. నిజమే, మేనేజర్ లేడు. టీ టైమ్‌లో పక్క సీటువాడూ లేడు. నాకర్థమైంది ఒకటే: స్వేచ్ఛ, ఒంటరితనం ఒకే జీతంలో కలిసొస్తాయి. కౌబాయ్ పాట పశువుల కోసమే కాదు, తన కోసం కూడా అనిపిస్తుంది నాకు. ఒంటరిగా పనిచేసే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ రాత్రి ఒక్క ఫోన్ చేయండి. ఉంటా మరి!