పట్టా యిచ్చినంతనే పంట పండునా?

యుద్ధము ముగిసినదను వార్త వినగానే ఊరెల్ల సంతోషించును. తుపాకి దింపి యింటికి వచ్చినవానికి హారతి పట్టుదురు. చుట్టములు వచ్చి క్షేమ మడుగుదురు. పది దినములు గడచిన పిమ్మట ఆ యింటి యిల్లాలి మనసులో మెదలు ప్రశ్న యొక్కటే: "ఇక మన బ్రతుకుతెరు వేమి?" సాధారణ సిపాయియైనను, నావికుడైనను నలువది యేండ్లు నిండకయే కొలువు విరమించుట పరిపాటి. పిల్లలింకను బడిలో నుందురు. సగము బ్రతుకు ముందున్నది. అట్టివానికి భూమి నిచ్చి కాపురము నిలుపవలెనను తలంపు చాల పాతది. అది యేల ఫలించును, ఏల బెడిసికొట్టును అను సంగతి సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

మన విశాఖపట్టణపు సీమలో జమీందారుల కాలమున సైనికసేవకు ప్రతిగా మొఖాసా లిచ్చెడి యాచార ముండెను. కాని మొఖాసాదారు శిస్తు పుచ్చుకొనువాడే గాని, అన్నివేళల నాగలి పట్టువాడు కాడు. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీలు పోయినవి. సామాన్య సిపాయిని స్వయముగ దున్నుకొను రైతుగా నిలుపుట వేరు పని. అందుకు నేల యొక్కటే చాలదు.

రెండవ ప్రపంచయుద్ధపు రోజులలో మన జిల్లా మదరాసు రాజధానిలోనిది. ఆ ప్రభుత్వమే మలబారు జిల్లాలోని వయనాడు కొండలలో మాజీ సైనికుల కొరకు వలస పథకమును పెట్టెను. అది అడవి నేల, మలేరియా జ్వరములకు పేరుపడిన చోటు. అక్కడ జరిగిన మెచ్చదగిన పని యొకటి కలదు. 1946 లో అంబలవాయలు గ్రామమున వ్యవసాయ కేంద్రమును నెలకొల్పి, ఆ నేలలో ఏ పైరు లాభించునో పరీక్షించుటకును, వచ్చిన సైనికులకు సేద్యము నేర్పుటకును పూనుకొనిరి. నేటికిని అది కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయపు పరిశోధన కేంద్రముగ నున్నది. అయితే వలసలు పెరిగినకొలది, ఆ కొండలనే నమ్ముకొన్న పణియలు మొదలగు ఆదివాసులకు నిలువ నీడ తగ్గినదను మాటయు మరువరాదు. ఒకరి కాపురము నిలుపుటకు మరియొకరి పొయ్యి ఆర్పరాదు గదా!

ఆస్ట్రేలియా దేశపు అనుభవ మింకను కఠినమైనది. మొదటి ప్రపంచయుద్ధము పిమ్మట అచ్చట సుమారు 37 వేలమంది సైనికులను పొలములపై నిలిపిరి. వారిలో పెక్కుమంది అప్పులపాలై పొలములు విడిచిపోయిరి. 1929 లో పైక్ అను న్యాయమూర్తి విచారించి ముఖ్యముగ నాలుగు కారణములు చెప్పెను: చేతిలో పెట్టుబడి లేకుండుట, కుటుంబపోషణకు చాలని చిన్న కమతములు, సేద్యమునకు తగని మనుష్యులు, పంటధరలు పడిపోవుట. ఈ నాలుగును మన యింటి గుమ్మము ముందర కూడ నిలువదగినవే.

ఇక మన సంగతి చూతము. భూమిలేని మాజీ సైనికునకు ప్రభుత్వపు బంజరులో మాగాణియైనచో 2½ ఎకరములు, మెట్టయైనచో 5 ఎకరములు మించకుండ నిచ్చు పద్ధతి మన రాష్ట్రమున నున్నది. విశాఖ చుట్టుపట్ల బంజరనిన తరచు కొండవాలు, ఎర్రనేల, రాళ్లు, తుప్పలు. వాన కురియకపోదు, కురిసిన నీరు గెడ్డలవెంట పరుగెత్తి సముద్రములో కలియును, పోవుచు పైమన్నును కూడ కొనిపోవును. కనుక మొదటి పని దుక్కి కాదు, గట్టు. వాలున కడ్డముగ గట్లు వేసి నీటిని నిలుపవలెను. వేసవిలో చెరువుమట్టి తోలి, తొలకరికి జనుమో జీలుగో చల్లి, పూతకు వచ్చువేళకు కలియదున్నినచో నేలకు సత్తువ వచ్చును. ఆపైన జీడిమామిడి, మామిడి మొక్కలు నాటవచ్చును. పొలము చుట్టును సరుగుడు వేసినచో గాలికి అడ్డుగ నుండును.

కాని జీడిమామిడి కాపునకు వచ్చుటకు మూడు నాలుగేండ్లు పట్టును. మామిడి కింకను ఎక్కువ. అంతవరకు పొయ్యిమీదికి ఏమి వచ్చును? చెట్లవరుసల నడుమ చోళ్లు, కంది, ఉలవలు వేసికొని గడుపుకొనవలెను. ఇన్నేండ్ల శ్రమకు తుపాను భయ మొకటి. 2014 అక్టోబరు 12 న వచ్చిన హుద్‌హుద్ తుపానునకు ఈ జిల్లాలలో కొబ్బరి, జీడిమామిడి తోటలు కూకటివేళ్లతో కూలినవి. పట్టాతోపాటు ఈ నడిమి యేండ్లకు పెట్టుబడి, బావి, సలహా చెప్పు మనిషి లేనిచో సైనికుడు చేయున దేమి? భూమిని బీడుపెట్టి, పట్టణములో కావలికొలువు వెదకికొనును.

విశాఖలో మరియొక చిక్కు. 1933 లో ఓడరేవు తెరచిరి. 1968 లో తూర్పు నౌకాదళ కేంద్రము వచ్చెను. 1971 లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. పట్టణము పెరిగి పొలములను తాకినది. బీడునేల గజముల లెక్కన అమ్ముడుపోవు కాలము వచ్చెను. పట్టా పొందిన మాజీ సైనికుడు పదియేండ్ల తరువాత ఆ భూమి నమ్ముకొనవచ్చునని 1993 లో ప్రభుత్వము ఉత్తరువిచ్చెను. అందుకు కలెక్టరు కచేరి నుండి నిరభ్యంతర పత్రము తీసికొనవలసి యుండెను. ఈ పత్రముల చుట్టు ఎన్ని యక్రమములు ముసురుకొన్నవనగా, 2017 లో విశాఖ భూములపై నియమింపబడిన ప్రత్యేక పరిశోధక బృందము మాజీ సైనికుల భూముల పత్రములను కూడ విచారింపవలసి వచ్చెను.

అమ్ముకొనుట తప్పని మేమనము. కూతురి చదువునకో, రోగమునకో అక్కరపడవచ్చును. కాని ఆ భూమి యెక్కడ నున్నదో, సర్వే నంబ రేమో తెలియకయే ఇల్లాలు వేలిముద్ర వేయుట తగునా? పట్టా, డిశ్చార్జి పుస్తకము, అడంగలు నకలు ఒక్కచోట భద్రపరచి, ఏటేట అడంగలులో ఎవరి పేరున్నదో చూచుకొనవలెను. భర్త గతించినచో ఆలస్యము చేయక వారసులపేర మార్పించుకొనవలెను. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున సలహా యడుగవలెను. అడుగుటకు సిగ్గుపడ నక్కరలేదు. ఆయన సరిహద్దున నున్న యేండ్లన్నియు ఇంటి కావలి కాచినది ఆమెయే.

సిపాయికి గట్టు వేయుట రాకపోవచ్చును. పల్లెలో పుట్టిన ఇల్లాలికి తరచు వచ్చును. ఏ విత్తనము ఏ కార్తెలో వేయవలెనో, ఏ కుండలో నిలువ చేయవలెనో ఆమె తల్లినుండి నేర్చియున్నది. కావున పట్టా యిచ్చువేళ ఆమె పేరును అందు చేర్చి, సేద్యము నేర్పువేళ ఆమెను కూడ పిలువవలెనని మా మనవి. కాగితము భూమి నిచ్చును. దానిని పొలము చేయునది ఇద్దరి చేతులు.