చదువుకుని తిరిగొచ్చినవారికి చోటెక్కడ?

జూలై, ఆగస్టు వచ్చాయంటే మన సంఘాల్లో వీసా కోసం ప్రార్థన విన్నపం లేని ఆదివారం అరుదు. వీసా వస్తే కృతజ్ఞతా కూడిక పెడతాం. విమానం ఎక్కేముందు పెద్దలు తలమీద చేతులుంచి ప్రార్థిస్తారు. అప్పు తీరాలి, మంచి ఉద్యోగం రావాలి అని అడుగుతాం. తప్పులేదు. పొలం తాకట్టు పెట్టి పంపిన తల్లిదండ్రుల దిగులు మాకు తెలియనిది కాదు. కాని ఆ చదువు మన పిల్లల చూపును ఏం చేస్తుందన్నది మాత్రం మనం అడగడం లేదు.

ఏం చేయగలదో తెలియాలంటే డాక్టర్ అంబేద్కర్ చదువునే చూడాలి. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన ఉపకారవేతనంతో ఆయన 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. తిరిగొచ్చాక పదేళ్లు సంస్థానంలో కొలువు చేయాలన్నది ఒప్పందం. చదవవలసింది అర్థశాస్త్రం. ఆయన చరిత్ర, సమాజశాస్త్రం, తత్త్వశాస్త్రం కూడా చదివారు, జాన్ డ్యూయీ పాఠాలు విన్నారు. చిన్ననాడు బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్న మనిషి, 1916లో అక్కడి సెమినార్‌లో కులాల పుట్టుక మీద పత్రం చదివారు. అంతవరకు అనుభవించిన దాన్ని అక్కడ పరిశోధించారన్నమాట.

ఆ తర్వాత లండన్. అక్కడ చదువు సగంలో ఉండగానే ఉపకారవేతనం గడువు ముగిసి, 1917లో బరోడా రావలసి వచ్చింది. పరదేశాల్లో గడిపిన ఆ ఏళ్లలో తాను అంటరానివాణ్నన్న స్పృహే చెరిగిపోయిందని ఆయన తర్వాత రాసుకున్నారు. రైలు దిగగానే అది తిరిగొచ్చింది. ఉండడానికి చోటు లేదు. పారశీకుల సత్రంలో పారశీక పేరుతో దిగారు. సంగతి బయటపడి, పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చినవారు ఖాళీ చేయమన్నారు.

అప్పుడాయన ఇద్దరు స్నేహితులను ఆశ్రయం అడిగారు. ఒకరు హిందువు. నువ్వొస్తే పనివాళ్లు వెళ్లిపోతారన్నారు. రెండోవారు క్రైస్తవుడు! బ్రాహ్మణ కుటుంబం నుంచి మతం మారినవాడు. భార్య వచ్చాక అడిగి చెబుతానన్నారు. ఆమెకు పాత ఆచారం పోలేదని అంబేద్కర్‌కు తర్వాతే తెలిసింది. ఆ రోజు మాత్రం తోటలో కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయారు.

చదువు మాత్రం వదల్లేదు. సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బుతో, మిత్రుల సాయంతో 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. 1923లో డి.ఎస్‌సి. పట్టం పొందారు. రూపాయి సమస్యపై ఆయన గ్రంథం ఆ ఏడాదే వచ్చింది. కొద్దికాలానికే హిల్టన్ యంగ్ కమిషన్ ముందు ద్రవ్య వ్యవస్థపై సాక్ష్యమిచ్చారు. ఈ విద్వత్తు తరగతి గదిలో వచ్చింది. బరోడాలో జరిగింది సహించరానిదన్న తెగువకు మాత్రం, న్యూయార్క్‌లో మనిషిగా బతికిన ఆ రోజులు కూడా కారణమని మా అభిప్రాయం.

సముద్రం దాటినంత మాత్రాన చూపు మారుతుందని కాదు. నేడు మన పిల్లలు నలుగురైదుగురు తెలుగువాళ్లే ఒక ఇంట్లో సర్దుకుంటారు. చదువు కాగానే ఓపీటీ కింద పనిచేసేందుకు 12 నెలలు, సాంకేతిక కోర్సులవారికి మరో 24 నెలలు. ఆ గడువుతో, బ్యాంకు వడ్డీతో పరుగు తీసేవాళ్లకు పక్కింటివాడి పేరు తెలుసుకునే తీరిక ఎక్కడిది? పైగా కులం కూడా వాళ్లతోపాటే విమానం ఎక్కుతోంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేయవలసి వచ్చింది.

ఇక తిరిగొచ్చిన పిల్లలకు మనం ఏం చూపిస్తున్నాం? క్రైస్తవ పెళ్లి ప్రకటనలు తిరగేయండి. అబ్బాయి అమెరికాలో ఎం.ఎస్. చేశాడు, రక్షణ పొందాడు, బాప్తిస్మం తీసుకున్నాడు అని రాస్తారు. వీటన్నిటికంటే ముందు, మొదటి వరుసలోనే, కులం పేరు ఉంటుంది.