తెర మీది బడిలో పాఠం ఎక్కడ?

తెలుగు సినిమా బడిపంతుళ్లను చాలామందినే చూపింది. కొన్నాళ్లు దండం పెట్టింది, కొన్నాళ్లు ఆటపట్టించింది, ఇంకొన్నాళ్లు హీరోను చేసింది. అయితే వాళ్లు చేసే అసలు పనిని, అంటే పాఠం చెప్పడాన్ని, అరుదుగానే చూపింది.

1955లో వచ్చిన ‘మిస్సమ్మ’లో బడి ముఖ్యంగా ఒక బతుకుదెరువు. పల్లెటూళ్లో జమీందారు నడిపే బడికి భార్యాభర్తలైన టీచర్లు కావాలన్న ప్రకటన చూసి, పెళ్లికాని ఇద్దరు డిగ్రీవాళ్లు దంపతులమని చెప్పుకుని చేరతారు. చదువుకున్నా ఉద్యోగం దొరకని రోజుల అవస్థే ఆ హాస్యానికి పునాది. అదే ఏడాది సినిమాగా వచ్చిన గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం ఇంకో రకం గురువు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు చదువుగా చలామణి అయ్యే తీరును వెంకటేశం శిష్యరికం బయటపెడుతుంది.

1972 నాటి ‘బడిపంతులు’తో త్యాగమూర్తి అయిన మాస్టారి బొమ్మ స్థిరపడింది. ఆ మాస్టారిని ఎన్టీఆర్ పోషించారు. ముసలితనంలో కన్నకొడుకులు తల్లిని ఒకచోట, తండ్రిని ఒకచోట ఉంచితే, ఒకప్పటి శిష్యుడు ఆదుకుంటాడు. ఇక్కడ గెలుపంటే శిష్యుడి మంచితనమే, మార్కుల ఊసు లేదు.

1985లో వచ్చిన ‘ప్రతిఘటన’ తరగతి గదిని లోకానికి అద్దంగా నిలబెట్టింది. రౌడీ చేతిలో నడివీధిలో అవమానం పాలైన లెక్చరర్ ఝాన్సీ క్లాసుకు వస్తే, బోర్డు మీద విద్యార్థులు గీసిన అసభ్యమైన బొమ్మ కనిపిస్తుంది. ఆమె అక్కడే నిలబడి వాళ్లను నిలదీస్తుంది. సిలబస్‌లో లేకపోయినా, తెలుగు తెర మీద ఇంత బలమైన పాఠం మరొకటి దొరకడం కష్టం.

ఆ తర్వాత కాలేజీ ప్రేమకథల హోరులో లెక్చరర్ నవ్వులాటకు మిగిలాడు. ‘నువ్వు నేను’లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం చేసిన లెక్చరర్ అందరినీ నవ్వించాడు. కానీ ఆ మూసలో వచ్చిన పాత్రల వల్ల, పాఠం చెప్పేవాడంటే ఏడిపించదగినవాడు అన్న భావం కుర్రకారులో బలపడింది.

అదే కాలంలో ఇళ్లలోకి ఇంకో దృశ్యం వచ్చింది. ఫలితాల రోజున కోచింగ్ సంస్థల ప్రకటనల్లో పేపర్ నిండా పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఒక్కో ఫొటో కింద ర్యాంకు. టీవీలో ఊపిరి తిప్పుకోకుండా చదివే అంకెలు. ఆ ప్రకటనలో టీచర్ కనిపించడు, ర్యాంకు రాని పిల్లలూ కనిపించరు. గెలుపంటే ఏమిటో ఒక తరానికి నేర్పింది సినిమాల కంటే ఈ ప్రకటనలే. కోచింగ్ సంస్థల తప్పుదోవ పట్టించే ప్రకటనలను అడ్డుకోవడానికి కేంద్రం 2024లో మార్గదర్శకాలు తేవాల్సి వచ్చింది.

2023లో వచ్చిన ‘సార్’ చదువు వ్యాపారం కావడాన్ని సూటిగా ఎదిరించింది. కానీ అందులోనూ హీరో గెలుపును నిరూపించేవి పరీక్ష ఫలితాలే. తెలుగులో ‘స్నేహితుడు’గా డబ్ అయిన ‘నన్బన్’దీ అదే ఇబ్బంది. మార్కుల వెంట పరుగెత్తొద్దని చెప్పిన సినిమా కూడా, చివరికి హీరోను పెద్ద శాస్త్రవేత్తగా చూపి తన మాటను నెగ్గించుకుంది.

ఈ దారి నుంచి 2024లో వచ్చిన ‘35: చిన్న కథ కాదు’ పక్కకు తప్పుకుంది. తిరుపతిలో ఉండే అరుణ్‌కు లెక్కలు రావు, ఎందుకంటే వాడికి ఒక సందేహం తీరలేదు. సున్నాకు విలువే లేదంటారు, మరి ఒకటి పక్కన చేరితే పది ఎలా అవుతుంది? ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి మాస్టారు మొద్దుగా లెక్కగట్టాడు. పదో తరగతి తప్పిన తల్లి సరస్వతి ముందు తాను లెక్కలు నేర్చుకుని, తర్వాత కొడుక్కి చెబుతుంది. వాడు చేరాల్సిన గమ్యం మొదటి ర్యాంకు కాదు, 35 మార్కులు.

మాస్టారి త్యాగాన్ని కీర్తించడం తేలిక, ర్యాంకును చూపడం ఇంకా తేలిక. అర్థంకాని విషయం పిల్లవాడికి ఎలా అర్థమైందో చూపడానికి ఓపిక కావాలి. బడిలో రోజూ జరగాల్సింది అదే కాబట్టి, బడి గురించి తీసే ఏ కథకైనా అదే కేంద్రం కావాలి.