మానసిక వైద్య వార్డు: అపోహలు – వాస్తవాలు

అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పటి శ్రీ విజయపురం) అబర్డీన్ బజారుకు చేరువలో ఉన్న గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి 1963లో సెల్యులర్ జైలు ఆవరణలోనే ఏర్పడింది. అంతకు పూర్వం, బ్రిటిష్ పాలనలో, మతి చలించిన ఖైదీలను హద్దోలోని పిచ్చాసుపత్రిలో ఉంచేవారు. చికిత్సనూ చెరనూ వేరుచేసి చూడని ఆ కాలపు భయం శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ నేటికీ వినిపిస్తుంది. అయితే 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని హక్కులున్న పౌరుడిగా గుర్తించింది. సాధారణ ఆసుపత్రిలోని మానసిక వైద్య వార్డుకూ అది వర్తిస్తుంది.

అపోహ: ఒకసారి చేరితే ఇక బయటపడలేరు.
వాస్తవం: తన ఇష్టంతో చేరిన వయోజనుడు కోరితే ఇంటికి పంపవలసిందే; ప్రమాదం ఉందని వైద్యబృందం భావిస్తే, పరీక్ష కోసం 24 గంటల వరకు మాత్రమే ఆపగలదు. ఆసుపత్రిలో ఉన్నంత కాలం ఫోన్ చేసుకోవడానికి, బంధువులను కలుసుకోవడానికి, ఉచిత న్యాయసహాయం పొందడానికి రోగికి హక్కు ఉంది.

అపోహ: ఇంట్లోవాళ్లు సంతకం పెడితే ఎవరినైనా చేర్చుకుంటారు.
వాస్తవం: రోగి తరఫున మాట్లాడే నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తు చేసినా, ఒక సైకియాట్రిస్టు, మరొక వైద్యుడు లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు విడివిడిగా పరీక్షించి, రోగి వల్ల తనకో ఇతరులకో హాని ఉందని గాని, తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్నాడని గాని నిర్ధారించాలి. ఇలాంటి చేరిక మొదట 30 రోజులకు మించదు. దాన్ని ఏడు రోజుల్లోగా, రోగి మహిళ లేదా మైనరు అయితే మూడు రోజుల్లోగా, చట్టం ప్రకారం ఏర్పడిన మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి తెలియజేయాలి.

అపోహ: గొలుసులు వేస్తారు, కరెంటు షాకులు ఇస్తారు.
వాస్తవం: 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టివేసిన 28 మంది రోగులు అగ్నిప్రమాదంలో ప్రాణాలు కోల్పోయారు. అయితే ఏ రూపంలోనైనా గొలుసులు వేయడాన్ని, ఒంటరి నిర్బంధాన్ని నేటి చట్టం నిషేధించింది. తీవ్రమైన కుంగుబాటు వంటి స్థితుల్లో ఇచ్చే విద్యుత్ చికిత్స (ఈసీటీ) కూడా మత్తుమందు, కండరాలను సడలించే మందు ఇవ్వకుండా చేయరాదు. రోగిని ముందు కొన్ని గంటలు ఉపవాసం ఉంచి, నిద్రపుచ్చిన తర్వాత కొన్ని సెకన్లపాటే విద్యుత్తు పంపుతారు; తేరుకున్నాక తలనొప్పి, కొంతకాలం మతిమరుపు ఉండవచ్చు.

అపోహ: వార్డులో మత్తులో పడుకోబెట్టడం తప్ప చేసేదేమీ లేదు.
వాస్తవం: చేరిన రోజున నర్సు బ్లేడు, తాడు వంటి వస్తువులను తీసి భద్రపరచడం, రక్తపరీక్షలు చేయించడం రోగి రక్షణ కోసమే. ఆపై మందుల మోతాదును రోజురోజుకూ గమనిస్తూ సవరిస్తారు, నిద్ర, ఆకలి, మాటతీరు ఎలా మారుతున్నాయో రాసుకుంటారు, కుటుంబంతో మాట్లాడతారు.

అపోహ: డిశ్చార్జి అయితే చికిత్స ముగిసినట్టే.
వాస్తవం: ఇంటికి వెళ్లిన తొలి వారాల్లో మందులు మానేస్తే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఉంటుంది. కాబట్టి డిశ్చార్జికి ముందే తదుపరి సంప్రదింపు తేదీ, మందుల లభ్యత తేల్చుకోవడం అవసరం. పెద్దాసుపత్రికి పడవ ప్రయాణం చేయవలసిన దీవులవారికి ఇది మరీ ముఖ్యం. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ ఉచితంగా సలహా ఇస్తుంది. వార్డులో ఏం జరుగుతుందో, చట్టం ఏమి హామీ ఇస్తుందో ముందే తెలిసిన కుటుంబం వ్యాధి ముదిరేదాకా ఆగదు.