శస్త్రచికిత్స పిమ్మట ప్రేవులు ఏల స్తంభించును?

ఉండుకపు వాపునకో, ప్రేవుల మెలికకో, కష్టప్రసవమునకో ఉదరమునకు శస్త్రచికిత్స చేయించుకొనుటకై అమలాపురమో కాకినాడయో పోవువారు కోనసీమలో ప్రతి గ్రామమునను కలరు. వారి వెంట పంచాయతీ సభ్యుడొకడు తోడు పోవుటయు వాడుకయే. మరునాడు వైద్యుడు రోగిని "అపానవాయువు వెడలినదా?" యని పదేపదే యడుగుట విని బంధువులు నవ్వుకొందురు. నవ్వదగిన ప్రశ్న కాదది. దానికి వచ్చు సమాధానమును బట్టియే రోగికి ఆహారము, ఇంటికి ప్రయాణము నిర్ణయమగుచుండును.

ప్రేవుల గోడయందు కండరపు పొరలు రెండు గలవు. అవి ముడుచుకొనుచు, సడలుచు ఆహారమును ముందునకు నెట్టుచుండును. ఉదరమును కోసి ప్రేవులను చేతితో కదపగనే ఈ చలనము ఆగిపోవును. సాధారణముగా చిన్నప్రేవు ఒక దినములోపల, జీర్ణాశయము ఒకటి రెండు దినములలో, పెద్దప్రేవు రెండు మూడు దినములలో తేరుకొనును. దీనికి మత్తుమందును, నాడుల ప్రతిక్రియయు కారణములని పూర్వము తలచిరి. అది కొంతవరకు నిజమే. కాని మత్తు దిగిపోయిన పిమ్మట కూడ ప్రేవులు ఇన్ని దినములు ఏల కదలకుండును?

కండరపు పొరల నడుమ స్థూలభక్షక కణములు కాపురముండును. ఇవి శరీరపు రక్షకదళములోనివి. ఊరికి తలారి యెట్లో ప్రేవునకు ఇవి యట్లు. ఇట్టి భక్షక కణముల పనిని మొదట గుర్తించినవాడు మెచ్నికాఫ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు. ఆయన 1882లో సిసిలీ ద్వీపమున నక్షత్రచేప పిల్లకు ముల్లు గ్రుచ్చి, దానిచుట్టు కణములు మూగుట చూచెను. 1908లో నోబెల్ బహుమానమునందు భాగము పొందెను. ముల్లు గ్రుచ్చుకొన్నచో కణములు మూగుట మేలే. కాని వైద్యుని చేయి తగిలినను ఈ తలారులు దొంగ పడెనని కేకలు వేయును! 1998లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ పరిశోధకులు ఎలుకల ప్రేవులను కదపి ఈ సంగతిని నిరూపించిరి. కణములు మేల్కొని రసాయన సంకేతములను వెలువరించును. రక్తమునుండి తెల్లకణములు గుంపులుగా కండరములోనికి దిగును. వాటినుండి పుట్టు నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాగ్లాండిన్లు కండరమును సడలించి కదలనీయవు. చేయి తగులని భాగములు సైతము స్తంభించుటకు టి-కణములను మరియొక జాతి రక్షకకణములు కారణమని 2010లో ఎలుకలపై జరిగిన పరిశోధన తెలిపెను. చిత్రమేమన, వాపును చల్లార్చి ప్రేవును బాగుచేయుటలోను ఈ దళమునకే పాలు గలదు. కనుక దానిని పూర్తిగా అణచుట యుక్తము కాదు.

మెదడునుండి ప్రేవులకు పోవు వేగస్ నాడి ఈ అలజడిని తగ్గింపగలదని 2005లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఎలుకలలో చూపిరి. నమలుట, భుజించుట ఆ నాడిని మేల్కొల్పును. కొన్ని ఆసుపత్రులలో రోగిచే చూయింగ్ గమ్ నమలించుటకు ఇదియే యాధారము. (తాంబూలము దానికి బదులు కాదు.) చిన్న రంధ్రముల ద్వారా చేయు శస్త్రచికిత్సలో ప్రేవులకు తాకిడి తక్కువ. నల్లమందు జాతి నొప్పిమందులు ప్రేవులను మరింత మందగింపజేయును గనుక వైద్యులు వాటిని మితముగా వాడుదురు.

మన ఇండ్లలో రెండు విధములైన పొరపాట్లు జరుగుచుండును. "పేగు మాడుచున్న"దని వైద్యుని కన్నుగప్పి కొబ్బరినీళ్లో, గంజియో పోయువారు కొందరు. వైద్యుడు తినుమన్నను పథ్యమని రోజుల తరబడి పస్తుంచి, మంచము దిగనీయనివారు మరికొందరు. ఇప్పటి వైద్యులు అనేక శస్త్రచికిత్సల పిమ్మట రోగిని త్వరగా నడిపించి, కొద్దికొద్దిగా ఆహారమిత్తురు. ఏ రోగికి ఎప్పుడన్నది శస్త్రము చేసిన వైద్యుడే చెప్పవలెను. విరేచనమునకని ఆముదము పట్టుట మిక్కిలి ప్రమాదకరము. ప్రేవునకు కుట్లు వేసియున్నచో మరియును.

ఇంటికి వచ్చిన రోగికి కడుపు ఉబ్బి, వాంతులు కలిగి, వాయువుగాని మలముగాని వెడలకున్నచో, లేక జ్వరమును తీవ్రమైన నొప్పియు తోడైనచో అది కేవల స్తంభనము కాకపోవచ్చును. లోపల కుట్టు విడివడుట, ప్రేవు మూసుకొనుట వంటివి సంభవింపవచ్చును. గంటలు గడచినకొలది ప్రాణాపాయము. గోదావరి పాయల నడిమి లంకవాసులకు వరద దినములలో పడవయే దారి. కావున రోగి ఆసుపత్రి విడుచునాడే ఈ గుర్తులను కాగితముపై వ్రాయించుకొని, రాత్రివేళ పడవ నడపువాడెవ్వడో, ఆవలి రేవునకు 108 బండిని ఎవరు పిలువవలెనో ఆ వార్డు సభ్యుడు ముందుగనే నిర్ణయించి యింటివారికి తెలుపవలెను.