సిరాయా: మృతభాష ఇచ్చిన సాక్ష్యం

మాట్లాడేవారు లేకపోతే భాష మరణిస్తుంది. కాని వ్రాత మిగిలి ఉంటే దాని చుట్టరికాలను తరువాతనైనా తెలుసుకొనవచ్చును. తైవాన్ ద్వీపంలో, నేటి తైనాన్ నగర పరిసరాలలోని మైదానాలలో ఒకప్పుడు వ్యవహారంలో ఉండిన సిరాయా భాష ఇందుకు మంచి నిదర్శనం.

1624లో అక్కడ స్థిరపడిన డచ్చివారి మతబోధకులు ఈ భాషకు రోమన్ లిపిని అమర్చారు. డేనియల్ గ్రావియస్ చేసిన మత్తయి సువార్త అనువాదం 1661లో ఆమ్‌స్టర్‌డాంలో అచ్చయినది. మరుసటి ఏడే డచ్చి పాలన అంతమైనది. అయినా సిరాయాలు ఆ లిపిని విడువలేదు. 19వ శతాబ్ది ఆరంభం వరకు తమ భూముల దస్తావేజులను అందులో వ్రాసుకొన్నారు. చీనా నుండి వలస వచ్చిన రైతులు పెరిగినకొలది వారి భాషయే వ్యాపించి, సిరాయా క్రమంగా నోటి నుండి జారిపోయినది.

ఈ భాష ఏ కుటుంబానికి చెందినది? ఒక్క మాట పోలిక యాదృచ్ఛికం కావచ్చును; ధ్వనుల మార్పులో ఒక క్రమం కనిపించాలి. సిరాయాలో ఏడును 'పితు' అనీ, నిప్పును 'అపుయ్' అనీ అంటారు. ఫిలిప్పీన్స్‌లోని టగాలోగ్‌లో అవి 'పితో', 'అపోయ్'. ఆఫ్రికా చెంతనున్న మడగాస్కర్‌లో 'ఫితు', 'ఆఫు'. రెండు మాటలలోను 'ప'కారానికి బదులు 'ఫ'కారమే వచ్చినది. తెలుగులోని 'పాలు', 'పులి' కన్నడంలో 'హాలు', 'హులి' అయినట్లే ఇదీను. ఇట్టి క్రమాల వల్లనే సిరాయా ఆస్ట్రోనేషియన్ కుటుంబంలోనిదని తేలుతుంది. ఈ కుటుంబంలో 1,200కు పైగా భాషలున్నవి.

రాబర్ట్ బ్లస్ట్ 1999లో ఈ కుటుంబాన్ని పది ప్రధాన శాఖలుగా విభజించారు. అందులో తొమ్మిది తైవాన్‌లోనివే. మడగాస్కర్ నుండి ఈస్టర్ ద్వీపం వరకు గల తక్కిన భాషలన్నీ పదవ శాఖలో ఇమిడిపోతవి. శాఖల వైవిధ్యం ఎక్కడ అధికమో, కుటుంబపు పుట్టిల్లు అక్కడనే ఉండవచ్చునని శాస్త్రజ్ఞుల తర్కం. సిరాయాను బ్లస్ట్ తూర్పు తీరపు అమిస్, కవలన్ భాషలతో ఒకే శాఖలో చేర్చారు. ఈ విభజనను అందరూ అంగీకరించలేదు.

సిరాయా వంశీయులు నేడు ఆ సువార్త ఆధారంగా పదకోశం కూర్చుకొని తమ పిల్లలకు భాష నేర్పుతున్నారు. వారిని ఆదివాసి హోదాకు వెలుపల ఉంచిన చట్టం రాజ్యాంగవిరుద్ధమని తైవాన్ రాజ్యాంగ న్యాయస్థానం 2022లో తీర్పు చెప్పినది. తైవాన్ మైదానాలలోనే, వ్రాతకు ఎక్కక మునుపే అంతరించిన భాషలకు ఈపాటి అవకాశం కూడ లేదు. చిన్న భాషలను, మాట్లాడే పెద్దలు ఉండగానే వ్రాసి ఉంచవలసిన అవసరం దీనివల్ల స్పష్టమగుచున్నది.